పెద్దమ్మ నిష్ఠూరం

పోయిన నెల మా మిషన్ కాంపౌండులో అందరూ పెద్దమ్మ అనే ఆమెను సమాధి చేశాం. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు, చిన్నవయసువాడు, గుంత దగ్గర నిలబడి ఆమె గురించి నాలుగు మంచిమాటలు చెప్పాడు. ప్రార్థనాపరురాలు అన్నాడు. ఓర్పు గలది అన్నాడు. ఆఖర్న మృదుభాషిణి అన్నాడు. నా పక్కనున్న ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ పిల్లాడి తప్పేమీ లేదు. అతనికి తెలిసిన పెద్దమ్మ "బాగుండాది నాయనా", "కానీలే నాయనా", "వందనాలు" తప్ప ఇంకో మాట ఎరుగని ముసలమ్మ. నేను ఆమెను ఊహ తెలిసినప్పటి నుంచీ ఎరుగుదును. పెట్టె మూత తోసుకుని లేచి, "ఎవర్రా నీ చేతికి బైబిలిచ్చింది" అంటుందేమోనని ఒక్క క్షణం చెవులు రిక్కించాను. మట్టి పడిన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

నేను బళ్లారిలో తెలుగు టీచరును. నిష్ఠూరం అనే మాటకు అర్థం రాయమంటే పిల్లలు కఠినమైన మాట అని రాస్తారు. నిఘంటువులోనూ అంతే ఉంటుంది కాబట్టి మార్కు వేస్తాను. కానీ మా వైపు ఆ మాట వాడకం వేరు. తిట్టడానికి కోపం చాలు. ఎత్తిపొడవడానికి ఓర్వలేనితనం చాలు. నిష్ఠూరమాడాలంటే ఎదుటిమనిషి మీద అక్కర ఉండాలి. దారిన పోయేవాడితో ఎవరూ నిష్ఠూరమాడరు. పక్కింటివాడు చెడిపోతున్నా నోరు మెదపనివాణ్ణి ఎందుకయ్యా అని అడిగితే, "మనకేలప్పా నిష్ఠూరం" అంటాడు. మా కన్నడం వాళ్ళు నిష్ఠుర కట్టుకోవడం అంటారు. అంటే మొహం మీద మాట చెప్పి, చెప్పినందుకు చెడ్డయిపోవడం. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని సామెత. చివర్లో ఏడవడం కన్నా మొదట్లోనే చేదు మాట అనేయడం నయమని దాని భావం. పెద్దమ్మ ఈ సామెత వాడగా నేనెప్పుడూ వినలేదు. ఆది నిష్ఠూరంతోనే ఆమెకు పొద్దు సరిపోయేది.

సన్నగా, ఎండిన కట్టెలా ఉండేది. ఎవర్నైనా ఏదైనా అనబోయే ముందు కొంగు నడుముకు దోపి, మణికట్టుతో మూతి తుడుచుకునేది. వడ్డించే ముందు చెయ్యి కడుక్కుంటామే, అట్లా. ఆ తుడుపు చూడగానే కాంపౌండులో ఎవరి పని వాళ్ళు గుర్తు తెచ్చుకుని లేచిపోయేవాళ్ళు. మా నాయన సంఘపెద్ద. గుడిలో, అంటే చర్చిలో, కానుక పళ్ళెం పట్టుకుని వరుసల మధ్య ఠీవిగా నడిచేవాడు. ఒక ఆదివారం పళ్ళెంలో బిళ్ళ వేస్తూ, "అందరూ వేసింది దేవునికప్పా, నీకు కాదు. కొంచెం వంగి నడువు" అంది. ఆ తరువాత ఆయన నడుస్తుంటే మేమంతా తలలు వంచుకుని నవ్వు ఆపుకునేవాళ్ళం. నాకు ఉద్యోగం వచ్చి మొదటి రోజు బడికి బయలుదేరితే గేటు దగ్గర ఆపి, నన్ను పైనుంచి కిందికి చూసి, "పిల్లోల్లకు అక్షరాలు దిద్దించేదానివి, ముందు నీ కుచ్చిళ్ళు దిద్దుకో పో" అంది. ఏడుస్తూ ఇంట్లోకి వెళ్ళి చీర మళ్ళీ కట్టుకుని వచ్చాను. అప్పటికీ గేటు దగ్గరే నిలబడి ఉంది. "ఇప్పుడు టీచరు మాదిరుండావు" అని నా చేతిలో ఉడికిన చెనిక్కాయల పొట్లం పెట్టింది.

ఆమె ఆసుపత్రి వార్డులో ఆయాగా పనిచేసి రిటైరైంది. నోరు అక్కడ పదునెక్కిందని మా నాయన అనేవాడు. నిజమే. పాము కరిచినవాళ్ళనూ, పురుగుమందు తాగినవాళ్ళనూ నిద్రపోనియ్యకూడదని మా వైపు గట్టి నమ్మకం. డాక్టరు చెయ్యవలసింది డాక్టరు చేసేవాడు. మెలకువగా ఉంచే పని మాత్రం ఈమెకు అప్పగించేవాళ్ళు. ఇంకో ఆయా అయితే చెంపలు తట్టేది, నీళ్ళు చల్లేది. ఈమె స్టూలు లాక్కుని కూర్చుని నిష్ఠూరమాడేది. "జోల పాడితే నిద్రొస్తాది. నిష్ఠూరమాడితే పౌరుషమొస్తాది. పౌరుషమొచ్చినోడు నిద్రపోడు" అనేది.

నాకు టైఫాయిడు వచ్చి అదే వార్డులో పడుకున్నప్పుడు కళ్ళారా చూశాను. సంగనకల్లు నుంచి ఒక కొత్త కోడల్ని తెచ్చారు. చేనుకు కొట్టే మందు తాగింది. వాంతులు అయిపోయాక ఆ పిల్ల కళ్ళు మాటిమాటికీ మూసుకుపోతున్నాయి. పెద్దమ్మ మూతి తుడుచుకుంది. "పురుగు గూడ చావని మందు తాగి వచ్చినావే. చచ్చేది గూడ సరిగ్గా రాదు, కాపురమేం చేస్తావు నువ్వు? మీ ఆయనకు వాళ్ళమ్మ చేతి వంటే నచ్చుతాదంటే నచ్చదా మరి? నీకేమి వస్తాది?" అంటూ మొదలుపెట్టింది. పొద్దున మొదలుపెట్టిన మనిషి అన్నం తినడానికి కూడా లేవలేదు. ఆ పిల్ల వంట, నడక, ముక్కు, పుట్టిల్లు ఒక్కటీ వదల్లేదు. వినలేక నేను దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. సాయంత్రానికి ఆ పిల్ల చెయ్యెత్తి పెద్దమ్మను కొట్టబోయింది. పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుని, "చెయ్యెత్తింది డాక్టరయ్యా. ఇంక బతికినట్టే" అని కేక వేసి, స్టూలు మీదే కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవగా చూడడం నాకు అదే మొదలు.

కొన్నాళ్ళకు మైనింగు రోజులు వచ్చాయి. సండూరు కొండల ఎర్రరాయికి, అంటే ఇనుప ఖనిజానికి, ఎక్కడలేని గిరాకీ పుట్టింది. పగలూ రాత్రీ లారీలే. ఆరేసిన బట్టలు ఎర్రన, చింతాకు ఎర్రన, గుడిలో బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ కూడా ఆరాధన ముగిసేసరికి ఎర్రన. పొలం ఉన్నవాడు పొలం అద్దెకిచ్చి అందులో రాయి పోయించుకున్నాడు, లేనివాడు లారీ ఎక్కాడు. ఆ రోజుల్లో ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ నిష్ఠూరం పెట్టుకోలేదు. ఎవరితో ఏం పని పడుతుందో తెలియదు కాబట్టి అందరూ అందరితోనూ తియ్యగా మాట్లాడారు. దగ్గుతూ కూడా నవ్వారు.

మా తమ్ముడు కూడా లారీ ఎక్కాడు. మా సంఘంలోనే ఒకాయనకు టిప్పర్లు ఉండేవి. వాటిలో ఒకటి వీడికి ఇచ్చాడు. దోణిమలై వైపు నుంచి రాయి ఎత్తుకుని, తోరణగల్లు, కుడితిని మీదుగా బళ్లారి రైల్వే సైడింగుకు తెచ్చి దించాలి. ఒక ట్రిప్పు దించగానే రెండోదానికి పరుగు. మనిషి నిద్రపోవడం మానేశాడు. తెల్లవారుజామున తోరణగల్లు దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది. అక్కడే కళ్ళు మూతపడేవట. ఒకసారి చక్రం మట్టిలోకి దిగిన కుదుపుకు మెలకువ వచ్చిందని నవ్వుతూ చెప్పాడు. మా అమ్మ వాడి కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. వాడు వినలేదు. పెద్దమ్మ మాత్రం మానెయ్యమని చెప్పలేదు. మూతి తుడుచుకుని, "నీ ఫోను నెంబరు నాకియ్యి" అంది.

వాడే ఆమెకు ఒక చిన్న ఫోను కొనిచ్చాడు. కాంపౌండు కుళాయికి తెల్లవారుజామున నీళ్ళు వచ్చేవి. మేమంతా బిందెలు పెట్టుకుని నిలబడితే ఆమె బండ మీద ఫోను పట్టుకుని కూర్చునేది. అది మోగేది. పక్కన నిలబడితే అవతలి మాటలు కూడా మాకు వినపడేవి.

"యాడుండావురా?"

"తోరణగల్లు దాటినా పెద్దమ్మా. కండ్లు మూతపడతాండాయి. తిట్టు."

"నీ కండ్లు కాకులు పొడవ. మీయమ్మ నిన్ను కనే బదులు ఒక బండరాయిని కనుంటే ఇంటికి మెట్టన్నా అవుతుండె. నీకంటే నీ ఎనకాల లోడులో ఉండే రాయి మేలురా. అది మెలకువగా ఉండాది."

"ఇంకా తిట్టు పెద్దమ్మా. కుడితిని వస్తాండాది."

"ఊరేమన్నా నీ యత్తగారా, ఎదురు వస్తాండాది అంటావు? నువ్వు పోవల్ల. తోలు, గాడిదా."

కుళాయి దగ్గర ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో మోకాలు గట్టిగా పట్టుకుని, కళ్ళు రోడ్డు మీదే పెట్టి మాట్లాడేది. వాడు సైడింగులో రాయి దించి, నెత్తి నుంచి పాదాల దాకా ఎర్రమట్టితో నడిచి వచ్చేవాడు. "గేటు కాడికొస్తిని" అని వాడు చెప్పేదాకా ఫోను పెట్టేది కాదు. అప్పుడు మాత్రం గొంతు దించి, "కాళ్ళు కడుక్కొని రా. కాఫీ పెడతా" అనేది. వాడు ఆమె గడప మీద కూర్చుని కాఫీ తాగుతున్నంతసేపూ ఒక్క మాట అనేది కాదు.

ఆ టిప్పర్ల యజమాని గుడికి కొత్త టైల్సు వేయించాడు. మంచి ఎర్రని టైల్సు. ఆరాధన అయ్యాక అప్పటి అయ్యగారు అతన్ని లేపి అందరి చేతా చప్పట్లు కొట్టించారు. చప్పట్లు ఆగాక పెద్దమ్మ లేచింది. ఆమె మూతి తుడుచుకోవడం చూసి మా నాయన కళ్ళు మూసుకున్నాడు.

"మంచి రంగు తెచ్చినావప్పా" అంది. "మా పిల్లోల్ల నెత్తురు పడినా తెలీదు. నిద్ర లేకుండ తోలిస్తాండావు కదా, యాడో ఒక చోట పడకుండ పోదు."

అతని మొహం మాడిపోయింది. "నేనేమన్నా కట్టేసి తోలిస్తాండానా పెద్దమ్మా? వాల్లే వస్తాండారు" అన్నాడు. అందులోనూ అబద్ధం లేదు.

సంఘపెద్దలు మా ఇంట్లోనే కూర్చున్నారు. ఆమె అన్నది తప్పని ఎవరూ అనలేదు. గుడిలో అనవలసిన మాటేనా అన్నారు. అతనికి క్షమాపణ చెప్పేదాకా ఆమెకు ప్రభు భోజనపు రొట్టె, రసం ఇవ్వకూడదని తీర్మానించారు. మా నాయన కూడా సరేనన్నాడు. ఆమె క్షమాపణ చెప్పలేదు. ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం వచ్చినప్పుడల్లా గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని వచ్చి తన చోటే కూర్చునేది. వరుస లేచి బల్ల దగ్గరికి వెళ్ళేటప్పుడు మోకాళ్ళు పక్కకు తిప్పి అందరికీ దారి ఇచ్చేది. ఆ మోకాళ్ళు దాటుకుని పోవడం మా అందరికీ నరకంగా ఉండేది. ఒక సాయంత్రం మా పెరటి మెట్ల మీదికి వచ్చి కూర్చుంది.

"రొట్టెముక్క నేను చచ్చేలోపల ఇస్తారా, చచ్చినాక పెట్టెలో పెడతారా?" అంది నాయనతో. ఆమె గొంతు మారిపోయింది. "నా మొగుడు పొయ్యే ముందురోజు గూడ ఆ రొట్టె తీసుకొనే పోయినాడప్పా. నేను తీసుకోకుండ పోతే ఆడ నన్ను పలకరిస్తాడో లేదో." నాయన కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడు అయ్యగారితో మాట్లాడి వచ్చాడు.

ఈస్టరుకు ముందు నలభై శ్రమదినాలలో మా వాళ్ళు ఏదో ఒకటి మానుకుంటారు. కొందరు మాంసం, కొందరు కాఫీ. నాయన నస్యం మానేసేవాడు. పెద్దమ్మను నిష్ఠూరం మానుకోమన్నారు. నలభై దినాలు ఎవరినీ ఒక్క మాట అనకుండా ఉంటే క్షమాపణ కూడా అక్కర్లేదు, ఈస్టరు నాడు బల్ల దగ్గరికి రావచ్చు అన్నారు. అందరికీ ఇది ఎంతో మర్యాదైన పరిష్కారంగా కనిపించింది. ఇట్లాంటి పొరపాటు మా వాళ్ళే చెయ్యగలరు. మాంసం మానేస్తే ఒళ్ళు తగ్గుతుంది, కాఫీ మానేస్తే తలనొప్పి వస్తుంది. ఈమె మానేస్తున్న దాని మీద ఒక టిప్పరు నడుస్తోందని అయ్యగారికీ తట్టలేదు, నాయనకూ తట్టలేదు. ఆమెకు తట్టింది. అయినా ఆ రొట్టె కోసం సరేనంది.

ఆ మర్నాడు కుళాయి దగ్గర ఫోను మోగింది.

"జాగర్తగా రా నాయనా" అంది ఆమె.

"ఏంది పెద్దమ్మా, ఒళ్ళు బాగలేదా?"

"బాగుండాది. నేనిప్పుడేమీ అనకూడదురా. ఈస్టరు దాకా ఓర్చుకో. ఈస్టరు నాడు అంతా కలిపి తిడతా."

వాడు నవ్వాడు. కిటికీ అద్దం దించుకున్నాడు, మిరపకాయలు నమిలాడు, ఏవేవో చేశాడు. ఆమె బదులు నన్ను తిట్టమన్నాడు. నేను ప్రయత్నించాను. "నీకు రాదులే అక్కా. బోర్డు మీద రాసినట్టు తిడతాండావు" అన్నాడు. అయినా పొద్దున్నే ఆమెకు ఫోను చెయ్యడం మానలేదు. గొంతు వింటే చాలు అనేవాడు. ఆమె వాడికి కీర్తనలు చదివి వినిపించేది. ఆ కాసేపట్లో ఎన్నిసార్లు మూతి తుడుచుకునేదో. తుడుచుకుని మింగేసేది.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందటి రోజు అది. నా బిందె సగం నిండింది. ఆమె బండ మీద కూర్చుని ఫోనులో పాట పాడుతోంది. సన్నని గొంతు. అంత మంచి గొంతు ఆమెకుందని మాకెవరికీ తెలియదు. నీళ్ళు పట్టుకునేవాళ్ళు కూడా మాటలాపి విన్నారు. "బాగుండాది పెద్దమ్మా. పాడు" అన్న వాడి మాట నాకు వినపడింది. ఆమె పాడింది. కాసేపటికి ఆపి, "నాయనా" అంది. మళ్ళీ "నాయనా, యాడుండావు?" అంది. ఇంజను చప్పుడు ఒక్కటే వస్తోంది. ఆమె లేచి నిలబడింది. మూతి కూడా తుడుచుకోలేదు. "ఒరే, నీ కండ్లు కాకులు పొడవ, లేయ్‌రా. లేయ్‌రా గాడిదా. మీయమ్మ కడుపులో మన్ను పొయ్యడానికే పుట్టినావురా. లేయ్" అని గొంతు చించుకుని అరవసాగింది. ఇంజను చప్పుడు కూడా ఆగిపోయింది. ఆమె ఆపలేదు. ఇంతకాలం మింగినవన్నీ ఒక్కొక్కటే ఆ ఫోనులోకి అంటూనే ఉంది. మా అమ్మ ఇంట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి కూడా అంటూనే ఉంది. అంత్య నిష్ఠూరం అంటే ఏమిటో నాకు ఆ కుళాయి దగ్గర తెలిసింది.

కుడితిని దగ్గర టిప్పరు రోడ్డు దిగిపోయింది. బ్రేకులు పట్టలేదన్నారు, లోడు ఎక్కువన్నారు. మావాణ్ణి తెచ్చి గుడిలో ఆ ఎర్రటైల్సు మీదే పెట్టె దించారు. టిప్పర్ల యజమాని గోడకు ఆనుకుని నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇప్పుడైనా పెద్దమ్మ ఏదో ఒకటి అంటుందని అందరం చూశాం. మా అమ్మ ఆమె ముందు నేల మీద కూర్చుని, "నన్ను తిట్టు. వాన్ని పంపినందుకు నన్నన్నా తిట్టు" అని బతిమాలింది. ఆమె మా అమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది గానీ నోరు తెరవలేదు.

ఈస్టరు నాడు అయ్యగారే రొట్టె, పాత్ర పట్టుకుని ఆమె కూర్చున్న చోటికి వచ్చారు.

"ఉపవాసం చెడిపోయింది అయ్యగారూ" అంది ఆమె నెమ్మదిగా. "మీరు మానమన్నది కడదాకా మానలేకపోతిని. నాకొద్దు."

ఆ తరువాత ఆమె ఎవర్నీ ఏమీ అనలేదు. గనులు మూతపడ్డాయి, లారీలు షెడ్డుల్లో తుప్పు పట్టాయి, చింతాకు మళ్ళీ పచ్చబడింది. ఆమె మాత్రం అందరికీ వందనాలు చెబుతూ గోడవార నడిచింది. ఒక్క మాట అనిపించుకుందామని నేను ఎన్ని పాట్లు పడ్డానో నాకే తెలుసు. చల్లారిన కాఫీ ఇచ్చాను, బాగుందమ్మా అంది. కుచ్చిళ్ళు ఈడుస్తూ ఆమె ముందు నుంచి నడిచాను, సుఖంగుండు అంది. ఆ మెత్తదనం నేను భరించలేకపోయేదాన్ని. నన్ను ఇంక తన మనిషి అనుకోవడం లేదనిపించి ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని.

పోయే ముందు కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంది. మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. ఒక మధ్యాహ్నం బడి నుంచి నేరుగా వెళ్ళి ఆమె మంచం పక్కన కూర్చున్నాను. ఆమె కళ్ళు తెరిచి కిటికీ వైపు చూస్తోంది. ఉన్నట్టుండి కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. మణికట్టుతో మూతి తుడుచుకుంది. ఆ చెయ్యి అట్లాగే చెవి దగ్గర పెట్టుకుంది. అందులో ఏమీ లేదు.

"యాడుండావురా?" అంది.

పాత గొంతు.

"నోట్లో మన్ను కొట్టుకున్నావా? యాడుండావంటే పలకవే?"

"తోరణగల్లు దాటినా పెద్దమ్మా" అన్నాను. "కండ్లు మూతపడతాండాయి. తిట్టు."

"నీ కండ్లు కాకులు పొడవ" అంది. మొదలుపెట్టింది. బండరాయి వచ్చింది, గాడిద వచ్చింది, లోడులో మెలకువగా ఉండే రాయి వచ్చింది. నేను ఎన్నడూ వినని కొత్తవీ వచ్చాయి. ఊపిరి అందక మధ్యలో ఆగి, మళ్ళీ అందుకునేది. పక్క మంచం వాళ్ళు లేచి కూర్చున్నారు. నర్సు వచ్చి నిలబడింది. నేను మంచం పట్టె పట్టుకుని, ఒక్క మాట కూడా పోనియ్యకుండా విన్నాను.

"కుడితిని దాటినావా?"

"దాటినా పెద్దమ్మా."

"సరిగ్గా చూసి చెప్పు. దాటినావా?"

"దాటినా. గేటు కాడికొస్తిని."

ఆమె చెయ్యి చెవి నుంచి దిగింది.

"కాళ్ళు కడుక్కొని రా" అంది. "కాఫీ పెడతా."